ఎర్రర్ కరెక్షన్ పెట్టినా ప్యాకెట్లు పోతున్నాయి, పైగా బ్యాటరీ తొందరగా అయిపోతోంది

సెన్సర్ నోడ్లలో (రేడియోతో డేటా పంపే చిన్న బ్యాటరీ పరికరాలు) ఎర్రర్ కరెక్షన్ పెట్టారు, అంటే దారిలో తప్పిన బిట్లను అవతల సరిచేసుకోవడానికి అదనపు బిట్లు జోడించారు. ప్యాకెట్లు ఇదివరకు ఎన్ని పోయేవో ఇప్పుడూ అన్నే పోతున్నాయి, బ్యాటరీ మాత్రం ఇంకా ముందే చేతులెత్తేస్తోంది. ఇక్కడ అందరూ చేసే పని హ్యామింగ్ అనే చిన్న కోడ్ తీసేసి ఇంకా ఎక్కువ తప్పులు సరిచేసే బీసీహెచ్, అదీ కుదరకపోతే రీడ్-సాలమన్ పెట్టడం. కాస్త ఆగండి. మీ డీకోడర్ (అందుకున్న వైపు తప్పులు సరిచేసే భాగం) ఇప్పటిదాకా ఎన్ని బిట్లు సరిచేసిందో చూశారా? ఆ కౌంటర్‌కి రెండు లైన్ల ప్రోగ్రామ్ చాలు, అయినా ఎవరూ పెట్టరు.

కౌంటర్ సున్నా దగ్గరే ఉంటే

కోడ్‌లో తప్పేం లేదు, పాడైన ప్యాకెట్ అసలు డీకోడర్ దాకా రావట్లేదు. సీసీ1101 అనే రేడియో చిప్‌లో సీఆర్‌సీ (ప్యాకెట్ పాడైందో లేదో పట్టించే చెక్ విలువ) ఆటోఫ్లష్ ఆన్‌లో ఉంటే తేడా వచ్చిన ప్యాకెట్‌ని చిప్పే తుడిచేస్తుంది. ఎస్‌ఎక్స్1276 చిప్‌ని ఎఫ్‌ఎస్‌కే (ఫ్రీక్వెన్సీ మార్చి బిట్లు పంపే) మోడ్‌లో వాడితే మీరేమీ మార్చకపోయినా అదే పని చేస్తుంది, ప్యాకెట్ వచ్చిందన్న ఇంటరప్ట్ కూడా ఇవ్వదు. సీసీ2420 చిప్ తనంతట తాను పారేయదు, కానీ ఫ్రేమ్ చివర అది పెట్టే సీఆర్‌సీ బిట్ చూసి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పారేస్తుంది. మొత్తానికి మీ డీకోడర్ చేతికి వచ్చేవన్నీ బాగున్న ప్యాకెట్లే, జబ్బు లేనివాడికి మందు పోస్తున్నట్టు.

నన్ను ముంచింది మాత్రం టెస్టు. పంపే నోడ్‌లో కావాలనే ఒక బిట్ తిప్పి పంపాను, అవతల డీకోడర్ చక్కగా సరిచేసింది, ఇంకేముంది, నోడ్లు పెట్టేశాను. చిప్ సీఆర్‌సీ లెక్కకట్టేది నేను బిట్ తిప్పిన తర్వాత కదా! తప్పు బిట్‌తో సహా దాని దృష్టిలో ఆ ప్యాకెట్ సరైనదే. ఇది తట్టడానికి నాకు వారాలు పట్టింది. అసలైన టెస్టు గాల్లోనే: ట్రాన్స్‌మిట్ పవర్ తగ్గించుకుంటూ పోయి, సీఆర్‌సీ ఫెయిలవడం మొదలయ్యాక ఆ ఫ్రేములు డీకోడర్‌కి చేరుతున్నాయో లేదో చూడాలి.

పరిష్కారం ఇది. చిప్ వడపోత ఆపేయండి, డేటా మీద మీ సొంత 16 బిట్ల సీఆర్‌సీ వేసి ఆ తర్వాత ఎన్‌కోడ్ చేయండి. లేదంటే తాహతుకు మించి తప్పులొచ్చినప్పుడు డీకోడర్ తప్పుగా సరిచేసింది కూడా నిజమని నమ్మేస్తారు. చిప్ సీఆర్‌సీ బిట్‌ని పారేయడానికి కాకుండా, అది ఫెయిలైతేనే డీకోడర్‌ని లేపడానికి వాడుకోండి, కరెంటు కలిసొస్తుంది (డేటా బిట్లను విడిగా అలాగే ఉంచే కోడ్ అయితేనే).

ఇంతటితో అయిపోలేదు. 802.15.4 (జిగ్‌బీ లాంటివి వాడే రేడియో ప్రమాణం) చిప్‌లలో ఆటో అక్నాలెడ్జ్ (ప్యాకెట్ అందిందని చిప్పే పంపే జవాబు) సీఆర్‌సీ బాగుంటేనే వెళ్తుంది. మీరు ప్యాకెట్‌ని బాగుచేసుకున్నా పంపినవాడికి ఆ సంగతి తెలీదు, మళ్లీ పంపుతాడు. బ్యాటరీ తినేది ఇదే. అక్నాలెడ్జ్‌ని డీకోడ్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌తో పంపండి, పంపే వైపు వెయిటింగ్ టైమ్ పెంచండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో మామూలుగా ఉండే 864 మైక్రోసెకన్లు దీనికి చాలకపోవచ్చు.

కౌంటర్ పెరుగుతోంది, అయినా బ్యాటరీ అయిపోతోంది

ట్రాన్స్‌మిట్ పవర్ తగ్గించారా? ప్రతి 4 బిట్లకు 7 పంపే హ్యామింగ్ (7,4)తో 20 బైట్లు 35 అవుతాయి, 250 కేబీపీఎస్ దగ్గర 640 మైక్రోసెకన్లు 1120 అవుతాయి. పంపేవాడికే కాదు, వినేవాడికీ అంతే. సీసీ2420కి 0 డీబీఎం (ఒక మిల్లీవాట్) దగ్గర పంపడానికి 17.4 మిల్లీఆంప్స్ అయితే వినడానికి 18.8. కోడింగ్ వల్ల బలహీన సిగ్నల్‌తోనూ పని జరిగి మిగిలిన డెసిబెల్స్‌ని పవర్ తగ్గించి వసూలు చేసుకోవాలి. నోడ్లు దగ్గర దగ్గరగా ఉంటే అదీ గిట్టదు, కోడ్ తీసేసి పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపడమే చవక.

పెరుగుతోంది, అయినా ప్యాకెట్లు పోతున్నాయి

సింక్ వర్డ్ (ప్యాకెట్ మొదలైందని తెలిపే బిట్ల గుర్తు) దొరక్కపోయినా, లెంగ్త్ బైట్ పాడైనా ఏ కోడూ కాపాడలేదు. పొడవు ఫిక్స్ చేసేయండి. వైఫై పక్కనుంటే తప్పులు గుంపుగా పడతాయి, ఇంటర్‌లీవింగ్ (బిట్ల వరుస కలగలిపి పంపడం) లేని హ్యామింగ్ వాటికి ఆగదు. 802.15.4 చానెల్ 25కో 26కో మారితే చాలాసార్లు ఆ గొడవే ఉండదు.

బిట్ ఆర్డర్ తేడా (రెండు వైపులా బిట్ల వరుస వేరవడం), క్రిస్టల్ డ్రిఫ్ట్ (క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ పక్కకు జరగడం) లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.