డ్రాకెన్స్‌బర్గ్ కొండల్లో రాత్రి బస నడక: అనుమతి, రిజిస్టరు, దరఖాస్తు విధానం

దక్షిణాఫ్రికాలోని డ్రాకెన్స్‌బర్గ్ కొండల్లో టెంటు మోసుకుని రెండు మూడు రోజులు నడవడానికి కావలసిన కాగితాలు తక్కువే. నమీబియాలోని ఫిష్ రివర్ కాన్యన్ నడకకైతే డాక్టరు చేత ఆరోగ్య ధ్రువపత్రం రాయించుకోవాలి. అదీ మే 1 నుంచి సెప్టెంబరు 15 దాకానే నడవనిస్తారు. ఇక్కడ ఆ బాధ లేదు. గేటు దగ్గర రుసుము కట్టి, రాత్రి బసకు పర్మిట్ తీసుకుని, కొండ రిజిస్టరులో వివరాలు రాసి సంతకం పెడితే బయల్దేరవచ్చు. ఇంత సులువు కాబట్టే చాలామంది ఆ చివరి పనిని, పెళ్ళిలో చదివింపుల పుస్తకంలో రాసినట్టు, పేరూ ఊరూ గీకి కానిచ్చేస్తారు. నన్నడిగితే అసలు దరఖాస్తు అదే. మిగతావన్నీ రసీదులు.

ముందు ఏ గేటో తేల్చుకోండి

డ్రాకెన్స్‌బర్గ్ ఒక్క కొండ కాదు. క్వాజులు-నటాల్ రాష్ట్రానికి పడమటి అంచున, లెసోతో దేశాన్ని ఆనుకుని సాగే కొండల వరుస. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2013లో లెసోతో వైపున్న సెహ్లాబథేబే జాతీయ పార్కును కూడా కలిపి మలోటి-డ్రాకెన్స్‌బర్గ్ పార్కు అన్నారు. దక్షిణాఫ్రికా వైపు భాగం ఎజెంవెలో కేజెడ్‌ఎన్ వైల్డ్‌లైఫ్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంది. దాని ముఖ్యమైన గేట్లు ఇవి: ఉత్తరాన రాయల్ నటాల్, ఆ తర్వాత కథీడ్రల్ పీక్, మంక్స్ కౌల్, ఇంజిసుతి, జయంట్స్ కాజిల్, దక్షిణాన కోబామ్, గార్డెన్ కాజిల్, బుష్‌మన్స్ నెక్. ఒక్కో గేటుకు ఒక్కో ఆఫీసు, ఒక్కో రిజిస్టరు. మీ దారి ఏ లోయలో మొదలవుతుందో ఆ గేటు ఆఫీసునే అడగాలి. పక్క గేటువాళ్ళకు మీ సంగతి తెలియదు.

మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది తుగేలా జలపాతం విషయంలో. 948 మీటర్ల ఎత్తు నుంచి దూకే ఆ జలపాతం పై అంచుకు చేరే దారి రాయల్ నటాల్ గేటు నుంచి మొదలవదు. పక్కనున్న ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో, ఫుతడిట్జాబా ఊరి మీదుగా సెంటినల్ కార్ పార్కుకు వెళ్ళాలి. అక్కడి రుసుము వేరు, రిజిస్టరు వేరు. రాయల్ నటాల్‌లో తీసుకున్న టికెట్టు అక్కడ పనికిరాదు. పైకి చేరడానికి బండకు వేలాడదీసిన ఇనుప గొలుసు నిచ్చెనలు ఎక్కాలి. ఎత్తంటే కళ్ళు తిరిగేవాళ్ళు ఈ ముక్క బయల్దేరే ముందే తెలుసుకోవడం మంచిది.

వీసా

ఈ రాష్ట్రంలోని రేవుపట్టణం డర్బన్‌కు తెలుగువాళ్ళు కొత్త కాదు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకెళ్ళిన నాటి నుంచీ నటాల్‌తో మనకు సంబంధం ఉంది. 1931 నుంచి అక్కడ ఆంధ్ర మహాసభ నడుస్తోంది. అయినా భారత పాస్‌పోర్టుతో వెళ్ళేవాళ్ళు వీసా ముందే తీసుకోవలసిందే. పద్ధతులు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తు చేసే వారంలో హైకమిషన్ చెప్పేది ఒకసారి చూసుకోండి. పాస్‌పోర్టులో రెండు ఖాళీ పేజీలుండాలి. తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం 30 రోజులు గడువుండాలి.

టికెట్టు చవకని నైరోబీ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో వెళ్తున్నారా? ఆ విమానాశ్రయంలో 12 గంటలు దాటి ఆగితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. మజిలీ తక్కువుండేలా టికెట్టు చూసుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది. పిల్లల్ని వెంట తీసుకెళ్తుంటే వాళ్ళ వీసా దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జనన ధ్రువపత్రం కావాలి. ఇద్దరిలో ఒకరే వెళ్తుంటే రెండోవారి అంగీకారపత్రం కూడా కావాలి.

పర్మిట్, గుహల బుకింగ్

గేటులో రెండు రకాల డబ్బు కడతారు: పార్కు ప్రవేశ రుసుము, రాత్రి బసకు మనిషికి ఇంత, రాత్రికి ఇంత అని ఇంకొకటి. టెంటులో ఉంటే ఇంతే. గుహలో పడుకోవాలనుకుంటే మాత్రం ముందుగా బుక్ చేసుకోవాలి. ఇక్కడ గుహ అంటే చాలాచోట్ల ముందుకు పొడుచుకొచ్చిన బండ కింది చోటే. వాన తగలదు, గాలి తగులుతుంది. బుక్ చేసిన గుహ ఆ రాత్రికి ఒకే బృందానిది. బుక్ చేయకుండా వెళ్ళి, ఎవరూ లేరు కదా అని పరుపు పరిస్తే, చీకటి పడ్డాక అసలు బృందం వచ్చి లేపే అవకాశం ఉంది. ఈ కొండల పూర్వపు ఆదివాసులైన శాన్ జాతివాళ్ళు బండల మీద గీసిన చిత్రాలున్న గుహల్లో బస నిషేధం. జయంట్స్ కాజిల్‌లోని మెయిన్ కేవ్స్, ఇంజిసుతిలోని బ్యాటిల్ కేవ్ లాంటివి గైడుతో వెళ్ళి చూసి రావలసినవి.

మంట వేయకూడదు. వంట గ్యాస్ స్టవ్ మీదే. విమానంలో గ్యాస్ డబ్బా ఎక్కనివ్వరు, కాబట్టి జొహానెస్‌బర్గ్‌లోనో డర్బన్‌లోనో కొనుక్కుని వెళ్ళాలి. గేటు దగ్గర దొరుకుతుందని నమ్ముకోవద్దు.

రిజిస్టరు: ఇక్కడ తొందరపడకండి

రిజిస్టరు అడిగేవి సాధారణంగా ఇవి: అందరి పేర్లు, వయసులు, కారు నంబరు, వెళ్ళే దారి, బస చేసే చోట్లు, తిరిగి వచ్చే రోజు, గంట, టెంట్ల రంగు, ఆపదలో ఎవరికి కబురు చేయాలో వాళ్ళ నంబరు. మీరు చెప్పిన సమయానికి రాకపోతే వెతికేవాళ్ళ చేతిలో ఉండేది ఈ ఒక్క పేజీయే. 1891లో మొదలైన మౌంటెన్ క్లబ్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా సభ్యులు జీతం లేకుండా ఈ పనికి వస్తారు. వాతావరణం సహకరిస్తే హెలికాప్టరు కూడా వస్తుంది. వాళ్ళు మీ పేజీ చదివి ఏ లోయలో మొదలుపెట్టాలో తేల్చుకుంటారు.

‘జయంట్స్ కాజిల్, 2 రాత్రులు’ అని రాస్తే వాళ్ళకు ఏమీ తెలియదు. అదే ఇలా రాశారనుకోండి: ‘మొదటి రోజు లాంగలిబలేలే కనుమ ఎక్కి పైన టెంటు. రెండో రోజు అంచు వెంబడి ఉత్తరంగా నడిచి బానర్‌మన్ కనుమ దిగి కింద టెంటు. మూడో రోజు మధ్యాహ్నం 2కి గేటు. పైన వాతావరణం చెడితే వచ్చిన కనుమలోంచే దిగుతాం.’ నాలుగు వాక్యాలే. చివరి వాక్యం ఎవరూ రాయరు, కానీ ఎక్కువ విలువ దానికే. వేసవిలో, అంటే నవంబరు నుంచి మార్చి దాకా, మధ్యాహ్నం దాటితే ఉరుములు మెరుపులు దాదాపు రోజువారీ సంగతి. చలికాలం రాత్రులు సున్నా కిందికి పోతాయి, మంచు కూడా పడుతుంది. అనుకున్న దారి మార్చుకోవలసి రావడం ఇక్కడ మామూలే. ఎటు మారతారో ముందే రాసి పెడితే వెతికేవాళ్ళకు సగం పని తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వాతావరణం కాస్త నెమ్మది.

మన విషయంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి పేర్లు. ఇంటిపేరు ముందా, వెనకా, పొడి అక్షరమా అన్న గొడవ లేకుండా పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయండి. రెండోది ఫోన్ నంబరు. మనవాళ్ళు అలవాటుగా నాన్నగారిదో అన్నయ్యదో ఇండియా నంబరు ఇస్తారు. అక్కడికీ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా. గేటువాళ్ళు రాత్రి 10కి ఫోన్ చేస్తే మనకు తెల్లవారుజాము ఒకటిన్నర. తెలియని విదేశీ నంబరును ఆ వేళ ఎత్తేవాళ్ళు ఎందరు? దక్షిణాఫ్రికాలో ఉన్న స్నేహితుడి నంబరో, బస చేసిన లాడ్జి నంబరో ముందు రాసి, ఇంటి నంబరు దాని కింద రాయండి. ఆ స్నేహితుడికి మీ దారి కాగితం కాపీ కూడా ఇవ్వండి.

దేశంలో ఎక్కడ ఉన్నా సెల్‌ఫోన్ నుంచి 112 అత్యవసర నంబరు, అంబులెన్సుకు 10177. కానీ లోయల్లో సిగ్నల్ ఉండదు. ఆఫీసువాళ్ళు ముగ్గురికి తగ్గకుండా వెళ్ళమనేది అందుకే: ఒకరు కాలు విరిగి పడితే ఒకరు పక్కన ఉండాలి, ఒకరు దిగి కబురు చేయాలి.

పై అంచు దాటితే లెసోతో

కనుమ ఎక్కి పైకి చేరాక సరిహద్దు మీ కాళ్ళ కిందే ఉంటుంది. కంచె లేదు, చెక్‌పోస్టు లేదు. అంచు వెంబడి నడిచేవాళ్ళు తెలియకుండానే లెసోతోలో అడుగు పెట్టి వస్తుంటారు. పాస్‌పోర్టు కారులో వదలకుండా సంచిలో తడవకుండా పెట్టుకోండి. శానీ కనుమ సంగతి వేరు. అది జీపులు తిరిగే రోడ్డు, రెండు వైపులా సరిహద్దు ఆఫీసులున్నాయి. అటు వెళ్ళాలంటే భారతీయులకు లెసోతో వీసా కావాలి. దక్షిణాఫ్రికా వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చినదైతే తిరిగి రావడం కష్టం. శానీ మనసులో ఉంటే వీసా దరఖాస్తులోనే పలుమార్లు ప్రవేశం అడగండి.

పైన దోపిడీలు జరిగిన సందర్భాలున్నాయి. ఈ మధ్య ఏ కనుమ దగ్గర ఇబ్బంది వచ్చిందో గేటులో సూటిగా అడగండి, చెబుతారు. ప్రయాణ బీమా ఉంటే 3,000 మీటర్ల పైన నడకకు అది వర్తిస్తుందో లేదో చూసుకోండి. చాలా పాలసీల్లో ఎత్తుకు పరిమితి చిన్న అక్షరాల్లో ఉంటుంది.

దిగి వచ్చాక

రిజిస్టరులో తిరిగి సంతకం పెట్టేదాకా మీరు కొండ మీద ఉన్నట్టే లెక్క. సంతకం మర్చిపోయి డర్బన్ వెళ్ళి నిద్రపోతే, మీ కోసం మనుషులు బయల్దేరే అవకాశం ఉంది. ఒక గేటులో ఎక్కి ఇంకో గేటులో దిగేవాళ్ళు ఈ సంగతి ఎక్కేటప్పుడే చెప్పి, దిగాక మొదటి గేటు ఆఫీసుకు ఫోన్ చేసి పేరు కొట్టేయించుకోవాలి. అందుకని ఎక్కే ముందే ఆ ఆఫీసు నంబరు ఫోనులోనూ, కాగితం మీదా రాసుకోండి. చీకటి పడ్డాక దిగి ఆఫీసు మూసి ఉంటే గేటు కాపలాదారుకు పేరు, కారు నంబరు చెప్పి, పొద్దున్నే వెళ్ళి సంతకం పెట్టండి.