మన ఊరు ఎటు ఓటేసిందో తెలుసుకోవాలంటే: తెనాలి లెక్క

2019 ఎన్నికలప్పుడు మా మరిది గాంధీచౌక్ టీకొట్టు దగ్గర విన్న మాట నమ్మి పందెం కాశాడు. ఫలితాలొచ్చిన వారానికి బైకు అమ్మేశాడు. "ఊరంతా అదే మాట అన్నారు వదినా" అన్నాడు. ఊరంతా అంటే టీగ్లాసులు పట్టుకున్న ఎనిమిది మంది!

నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. ఎన్నికల డ్యూటీలు చాలానే చేశాను. పోలింగ్ అయ్యాక ప్రిసైడింగ్ ఆఫీసరు ఏజెంట్లకిచ్చే ఫారం 17సిలో ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. ఎవరికి పడ్డాయో తెలియాలంటే కౌంటింగ్ తర్వాత వచ్చే ఫారం 20 చూడాలి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాల వారీగా దొరుకుతుంది. చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలొస్తాయి. నేనైతే అంకెలన్నీ చేత్తోనే ఎక్సెల్‌లో కొట్టాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది.

బూత్‌లలోకి దిగేముందు నియోజకవర్గం మొత్తం లెక్క వేసుకోండి. మా తెనాలిలో 2009లో కాంగ్రెస్, 2014లో టీడీపీ, 2019లో వైసీపీ, 2024లో జనసేన గెలిచాయి. నాలుగు ఎన్నికలు, నాలుగు పార్టీలు. 2009లో కాంగ్రెస్ తరఫున, 2024లో జనసేన తరఫున గెలిచింది మాత్రం ఒక్కరే, నాదెండ్ల మనోహర్. ఇలాంటి ఊరిని ఎవరైనా ఫలానా పార్టీ కంచుకోట అంటే నాకు నవ్వొస్తుంది.

తర్వాత తీసివేతలు. 2019లో ఇక్కడ వైసీపీకి 94,495, టీడీపీకి 76,846, జనసేనకు 29,905 ఓట్లు వచ్చాయి. గెలుపు 17,649తో. ఓడిన ఇద్దరివీ కలిపితే 1,06,751, అంటే వైసీపీ కన్నా 12 వేలు ఎక్కువ. (బీజేపీని పక్కన పెట్టాను. ఆ ఏడాది రాష్ట్రమంతా కలిపినా దానికి ఒక శాతం రాలేదు.) 2024లో టీడీపీ, జనసేన, బీజేపీలకు పొత్తు కుదిరింది కాబట్టి కూటమికి 12 వేల మెజారిటీ రావాలి కదా? వచ్చింది 48,112. మిగతా 36 వేలు ఎక్కడివి? వైసీపీ ఓట్లు 75,849కి తగ్గాయి, అంటే 18 వేల చిల్లర పోయాయి. కూటమికి పాత మొత్తం మీద 17 వేల చిల్లర పెరిగాయి. పొత్తు ఒక్కటే గెలిపించిందనేవాళ్ళకు ఈ లెక్క చూపించండి. అలాగని 18 వేల మంది ఇటు నుంచి అటు దూకేశారనుకోకండి. ఐదేళ్ళలో పోయినవాళ్ళున్నారు, కొత్తగా ఓటు వచ్చినవాళ్ళున్నారు, హైదరాబాద్ నుంచి బస్సుల్లో దిగినవాళ్ళున్నారు.

ఇప్పుడు బూత్‌లు. ఓటర్ల జాబితాలో ఒక్కో భాగం మొదటి పేజీలో ఆ బూత్ కిందికి ఏయే వీధులు వస్తాయో రాసి ఉంటుంది. దాన్ని బట్టి ఫారం 20లో ప్రతి వరస పక్కన మారిస్‌పేట, చెంచుపేట, ఐతానగర్ అని పేట పేరు రాసుకోండి. కొల్లిపర మండలం కూడా మా నియోజకవర్గంలోదే కాబట్టి పల్లె బూత్‌లను విడిగా పెట్టాలి. లేకపోతే పల్లెల ఓటు కూడా తెనాలి టౌను ఓటేననుకుంటారు.

నేను మొదటిసారి పప్పులో కాలేసింది బూత్ నంబర్ల దగ్గర. రెండు ఎన్నికలకీ అవే నంబర్లనుకుని ఒక పేట మొత్తం పార్టీ మార్చేసిందని తేల్చేశాను. చూస్తే మధ్యలో కొత్త బూత్‌లు చేరి నంబర్లు జరిగాయి. నంబరును కాదు, వీధుల్ని సరిపోల్చండి. పోస్టల్ ఓట్లు ఏ బూత్‌లోనూ కలవవు, అడుగున వేరే వరసలో ఉంటాయి. ఎన్నికల డ్యూటీలో ఉండి పోస్టల్‌లో వేసే టీచర్ల ఓటు ఎటు పోయిందో పేటల్లో వెతక్కండి.

ఎంపీ ఫారం 20 కూడా దించుకోండి, అసలు రుచి అక్కడుంది. 2019లో గుంటూరు లోక్‌సభ కిందున్న ఏడు అసెంబ్లీ స్థానాల్లో ఆరు వైసీపీ గెలిస్తే, ఎంపీగా మాత్రం టీడీపీ నుంచి గల్లా జయదేవ్ 4,205 ఓట్లతో బయటపడ్డారు. ఒకే రోజు, ఒకే గదిలో, పక్కపక్క మిషన్ల మీద చాలామంది వేర్వేరు గుర్తులు నొక్కారన్నమాట. మీ పేటలో ఎంపీ, ఎమ్మెల్యే ఓట్ల తేడా ఎంతుందో చూస్తే, అక్కడ అభ్యర్థిని చూసి వేశారా, పార్టీని చూసి వేశారా అన్నది కొంత అర్థమవుతుంది.

మున్సిపల్ ఫలితాలను ఈ షీటులో కలపకండి. 2021 మార్చిలో అవి బ్యాలెట్ పేపర్ల మీద జరిగాయి, పైగా వార్డు హద్దులు వేరు. వాటికి వేరే షీటు పెట్టుకోండి.

ఇంకొకటి. ఇంటిపేర్లు చూసి కులం కాలమ్ పెట్టమని మా మరిది గోల చేశాడు, పెట్టలేదు. ఇంటిపేరును బట్టి కులం చెప్పడం సగం గుడ్డి లెక్క. పైగా చిన్న బూత్ అయితే రెండు మూడు వీధులే ఉంటాయి, ఎవరు ఎవరికి వేశారో వేలు పెట్టి చూపించినట్టవుతుంది. రేపు ఆ వీధికి కుళాయి రాకపోతే ఆ పాపం నా షీటుకి చుట్టుకుంటుంది. అందుకే ఎవరికైనా పంపేటప్పుడు బూత్‌ల వరసలు దాచి, పేట మొత్తాలే పంపుతాను.