మార్చి నెలాఖరు టెన్షన్: సమస్య ఎక్కడ, కారణం ఏంటి, పరిష్కారం ఎలా

నల్గొండ, పాలమూరు వైపు మార్చి నెలలో ఎవరికీ తీరిక ఉండదు. యాసంగి వరి ఇంకా పొలంలోనే ఉంటుంది. బడుల్లో పదో తరగతి పరీక్షలు నడుస్తుంటాయి. ఆఫీసుల్లో బిల్లులు పాస్ చేయించుకునేందుకు పరుగులు పెడుతుంటారు. సరిగ్గా అప్పుడే లెక్కల సంవత్సరం ముగుస్తుంది.

ఇక్కడి దుకాణాలు, మిల్లులు, ఉద్యోగుల లెక్కలు చూసే పనిలో నాకు బలంగా అర్థమైన సంగతి ఒకటుంది. ప్రభుత్వానికి ఏడాది మార్చి 31న ముగుస్తుంది కానీ, మన పనిలో ఏడాది ఒక్కొక్కరికి ఒక్కో నెలలో ముగుస్తుంది. ఈ రెండు తేదీల మధ్య ఇరుక్కున్న సరుకు, బాకీ, బిల్లులే మార్చిలో మన నిద్ర చెడగొడతాయి. కింద రాసిన సమస్యల్లో మీది ఏదో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

సమస్య: లాభం పుస్తకంలో ఉంది, గల్లాలో లేదు

ఎరువులు, పురుగుమందుల దుకాణాల వాళ్లు మార్చిలో ఎక్కువగా చెప్పే మాట ఇది. కొందరు పన్ను కట్టడానికే వడ్డీకి తెస్తారు.

కారణం ఉద్దెర. వానాకాలంలో పత్తికి ఇచ్చిన సరుకు డబ్బులు పత్తి అమ్ముడుపోయాక వస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో వరికి ఇచ్చిన యూరియా, మందుల డబ్బులు వడ్లు అమ్మాక మే, జూన్‌లో వస్తాయి. లెక్కలో మాత్రం బిల్లు కొట్టిన రోజే అమ్మకం అయిపోయింది. దాంతో బాకీలు బాగా పేరుకుపోయి ఉన్న సమయంలోనే మార్చి 31 వచ్చి పడుతుంది.

పరిష్కారం సంక్రాంతికి ముందే మొదలవ్వాలి. ఉద్దెర పుస్తకం ముందేసుకుని ఊరివారీగా రెండు జాబితాలు రాయండి, ఒకటి పత్తి బాకీలు, రెండోది వరి బాకీలు. ఒకే పేరున్న రైతులు ఊరికి నలుగురుంటారు కాబట్టి ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, ఫోన్ నంబర్ ఉండాలి. బాకీ ఎంతో చెప్పి సంతకం తీసుకోండి. పత్తి బాకీ జనవరి దాటినా రాలేదంటే గట్టిగా అడగాల్సిందే. వరి బాకీ కోసం మార్చిలో రైతు ఇంటికి వెళ్లి ఒత్తిడి చేయడం తప్పు, ఆయన పంట ఇంకా చేతికే రాలేదు. ఆ సొమ్ము మార్చిలో వస్తుందనే లెక్క మీరే వేసుకోకూడదు.

పన్ను సంగతికొస్తే, ఏడాదికి కట్టాల్సింది 10,000 రూపాయలు లేదా అంతకు మించితే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం. తప్పితే నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. టర్నోవర్ 2 కోట్ల లోపు ఉండి అంచనా లాభం పద్ధతిలో రిటర్ను వేసేవాళ్లు మాత్రం మార్చి 15న ఒకేసారి కట్టొచ్చు. ఆ పద్ధతిలో నగదు అమ్మకాలకు 8 శాతం లాభం చూపాలి, బ్యాంకులోనో యూపీఐలోనో వచ్చినదానికి 6 శాతం చాలు. ఉద్దెర డబ్బు రిటర్ను గడువులోపు బ్యాంకులో పడినా 6 శాతం లెక్కే వర్తిస్తుంది. అందుకే వసూళ్లు ఫోన్‌లో వేయించుకోమని నేను పట్టుబట్టి చెప్తాను.

ఈ దుకాణాల్లో ఇంకో తలనొప్పి పాస్ మెషీన్‌లో (ఎరువు అమ్మినప్పుడు రైతు వేలిముద్ర తీసుకునే యంత్రం) స్టాక్ ఒకటి, గోదాములో ఇంకొకటి ఉండటం. రద్దీ రోజున బస్తాలు ముందు ఇచ్చేసి, వేలిముద్ర తర్వాత వేయిద్దాంలే అనుకోవడం వల్లే ఇది వస్తుంది. వారానికోసారి 45 కిలోల యూరియా బస్తాలు లెక్కపెట్టి మెషీన్‌తో సరిచూసుకుంటే తేడా రెండు మూడు బస్తాల దగ్గరే దొరుకుతుంది. ఏడాది చివర దొరికితే ఎవరికిచ్చామో గుర్తుండదు.

సమస్య: మిల్లులో ఉన్న ధాన్యానికి, పుస్తకంలో ఉన్న ధాన్యానికి పొంతన లేదు

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మిల్లుల్లో ఈ తేడా లేకుండా మార్చి గడవడం అరుదు. దీని వెనక మూడు కారణాలు ఉంటాయి, వాటిని విడివిడిగా చూడాలి.

మొదటిది, ప్రభుత్వ ధాన్యం, సొంత ధాన్యం ఒకే షెడ్డులో కలిసిపోవడం. సీఎంఆర్ (ప్రభుత్వానికి చేసే కస్టమ్ మిల్లింగ్) కింద వచ్చిన ధాన్యం మిల్లర్ సరుకు కాదు, మర ఆడించి బియ్యం అప్పగించడానికి అక్కడ ఉంచింది. దాన్ని మిల్లు స్టాక్‌లో కలిపి బ్యాంకుకు చూపిస్తే తప్పు, సొంత ధాన్యాన్ని అందులో కలిపేసి వదిలేస్తే నష్టం. రెండోది తేమ. కొన్నప్పుడు 17 శాతం తేమ ఉన్న వడ్లు మార్చికి 14 శాతానికి ఆరితే క్వింటాలుకు దాదాపు మూడున్నర కిలోలు తగ్గుతుంది. ఎవరూ తీసుకుపోలేదు, గాలికి పోయింది. వచ్చినప్పుడు, లెక్కించినప్పుడు తేమ ఎంతో రాసి ఉంటేనే ఆ తరుగును ఎవరికైనా చూపించగలరు. మూడోది తవుడు, నూకలు, ఊక. ఇవి మిల్లుకు మిగిలే సరుకే అయినా చాలామంది స్టాక్‌లో రాయరు. అమ్మినప్పుడు మాత్రం ఆదాయం కనిపిస్తుంది, ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు.

ఏం చేయాలంటే, యాసంగి వడ్లు మిల్లుకు రాకముందే, మార్చి చివరి వారంలో ఒక రోజు మర ఆపండి. అప్పటికి షెడ్డులో సరుకు తక్కువ ఉంటుంది, లెక్క తేలిక. ప్రతి బస్తాల నెట్టుకు సున్నంతో నంబర్ వేసి, అదే నంబర్ కాగితం మీద రాసుకోండి. కింద నిలబడి పొడవు, వెడల్పు, ఎత్తు వరుసలు గుణించి ఊరుకుంటే కుదరదు, నెట్టు పైకెక్కి చూడాలి. నడిమధ్యలో బస్తాలు తీసేసి బావిలా గుంట మిగిలిన నెట్లు ఉంటాయి, పై వరుస సగమే ఉన్నవీ ఉంటాయి. లెక్కించేది హమాలీ మేస్త్రీ, రాసేది గుమస్తా, పైకెక్కి చూసేది యజమాని అయితే మంచిది.

తర్వాత లాటువారీగా సరిచూడండి. 40 కిలోల బస్తాలు 250 అంటే 100 క్వింటాళ్ల ధాన్యం. దానికి పచ్చి బియ్యమైతే 67 క్వింటాళ్లు, ఉప్పుడు బియ్యమైతే 68 అప్పగించాలి. ఎంత ఇచ్చారో, ఇంకా ఎంత ఇవ్వాలో, ఆ మేరకు ధాన్యం షెడ్డులో ఉందో లేదో ఒకే పేజీలో కనిపించాలి. బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్, ఇన్సూరెన్స్‌లో రాసే విలువ, ఆడిటర్‌కు ఇచ్చే కాగితం మూడింటిలోనూ ఇదే అంకె ఉండాలి. ఇవి మూడు రకాలుగా ఉన్న మిల్లులో అగ్నిప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గరే పెద్ద చిక్కు వస్తుంది.

మార్కెట్ యార్డులో కొనేవాళ్లకు ఒక మాట. ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకోరు. రైతుకు అతని పంటకు ఇచ్చిన డబ్బుకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది, అయితే ఇచ్చింది రైతుకే అని చూపించాలి. తక్‌పట్టీలు (యార్డులో ఇచ్చే తూకం, ధర చీటీలు) పారేయకుండా తేదీల వరుసలో కుట్టి పెట్టుకోండి.

సమస్య: ఖర్చు పెట్టినా లాభంలోంచి తగ్గలేదు

చిన్న తయారీదారుల దగ్గర విడిభాగాలు, చిన్న వర్క్‌షాపులో రిపేర్లు చేయించుకుని బిల్లు పెండింగులో పెట్టేవాళ్లకు ఇది ఎదురవుతుంది. అమ్మిన యూనిట్ ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ నమోదు) సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదై ఉంటే, రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటి మార్చి 31 నాటికి బాకీ ఉంటే ఆ ఖర్చు ఈ ఏడాదికి రాదు, కట్టిన ఏడాదిలోనే వస్తుంది. 2023-24 నుంచి ఈ నియమం ఉంది. కేవలం కొని అమ్మే వ్యాపారులకు కట్టాల్సిన బాకీలకు ఇది వర్తించదు.

మార్చి మొదట్లోనే సరఫరాదారులకు మెసేజ్ పెట్టి ఉద్యమ్ నంబర్ ఉందా, తయారీనా వ్యాపారమా అని అడగండి. ఒప్పందం లేకుండా మార్చి 15కు ముందు తీసుకున్న సరుకు బిల్లులన్నీ నెలాఖరులోపు కట్టేయండి.

అవతలి వైపున్న వాళ్లకు ఇదే నియమం అండ. పోచంపల్లిలోనో గద్వాలలోనో చీరలు నేయించి పెద్ద షోరూములకు ఇచ్చే మాస్టర్ వీవర్ తన బిల్లు మీద ఉద్యమ్ నంబర్ అచ్చు వేయించుకోవాలి. నెలల తరబడి తిప్పించుకునే కొనుగోలుదారు మార్చిలో తనే ఫోన్ చేస్తాడు. ఈ ఒక్క పని కోసమైనా ఉద్యమ్ నమోదు చేసుకోండి, దానికి ఫీజు లేదు.

సమస్య: ఏడాదంతా నేయించినా పుస్తకంలో నష్టం, బ్యాంకు లోను రెన్యూవల్ ఆగింది

సరుకు లేక కాదు, లెక్కలోకి రాక. మాస్టర్ వీవర్ పట్టు, జరీ, రంగు వేసిన నూలు నేతకారుల ఇళ్లలో ఉంటాయి. మార్చి 31న దుకాణంలో ఉన్న చీరలే లెక్కేస్తే, మగ్గాల మీదున్న పెట్టుబడి మొత్తం నష్టంగా కనిపిస్తుంది. గద్వాల చీరలో ఒంటికి నూలు, అంచుకు, కొంగుకు పట్టు వాడతారు, ఒక్కో మగ్గం మీద రెండింటి విలువా ఉంటుంది.

నెలాఖరులో నోట్‌బుక్ పట్టుకుని మగ్గం మగ్గానికీ వెళ్లాలి. వేసిన పడుగులో ఎన్ని చీరలు దిగాయి, ఎన్ని మిగిలాయి, ఇచ్చిన పట్టు, జరీ ఎన్ని గ్రాములు, కూలి అడ్వాన్సు ఎంత, ఇవన్నీ ఆ ఇంట్లోనే కూర్చుని రాసి నేతకారుడికి చదివి వినిపించండి. సగం నేసిన చీరకు అమ్మకం ధర వేయకూడదు, అప్పటిదాకా అయిన ఖర్చే వేయాలి.

సమస్య: ఫిబ్రవరి జీతం సగం పన్నుకే పోయింది

టీచర్లు, ఉద్యోగులు ఏడాదంతా లెక్క చూసుకోకుండా ఫిబ్రవరి బిల్లులో మొత్తం కోయించుకోవడం ఒక కారణం. ఆగస్టులోనే లెక్కేయించుకుని నెలనెలా కోయమని రాసిస్తే సరిపోతుంది. డీఏ, పీఆర్‌సీ (వేతన సవరణ) బకాయిలు ఒకేసారి రావడం రెండో కారణం. పాత సంవత్సరాల బకాయి ఈ ఏడాది చేతికొస్తే పన్నులో ఉపశమనం అడగొచ్చు. 2025-26లో అందిన బకాయిలకైతే రిటర్ను కంటే ముందే ఆన్‌లైన్‌లో ఫారం 10ఈ వేయాలి. అది వేయకుండా ఉపశమనం చూపిస్తే నోటీసు వస్తుంది.

2025-26కు కొత్త పన్ను పద్ధతిలో ఏడాది జీతం 12,75,000 వరకు ఉంటే పన్ను లేదు. అయినా ఫిబ్రవరిలో ఏజెంటు చెప్పాడని పాలసీ కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. కొత్త పద్ధతిలో ఆ ప్రీమియానికి మినహాయింపే లేదు. ఇరవై ఏళ్లు కట్టాల్సిన పాలసీని పన్ను కోసం ఒక్క సాయంత్రంలో కొనకండి. ఇంటి లోను, పిల్లల ఫీజులు ఉన్నవాళ్లు పాత, కొత్త పద్ధతులు రెండింటిలోనూ లెక్కేసి చూడాలి. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి గడువులోపు వేసే రిటర్నులో కూడా పద్ధతి మార్చుకోవచ్చు.

మిగతా వృత్తుల వాళ్లకు క్లుప్తంగా

ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లకు బిల్లులో 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. ఆ డబ్బు ఎటు పోయిందని వెతుకుతుంటారు. జీఎస్టీ పోర్టల్‌లోకి వెళ్లి దాన్ని అంగీకరిస్తేనే మీ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది.

ప్రైవేటు స్కూళ్లలో ఏప్రిల్, మే జీతాలకు డబ్బులు ఉండవు. ఫీజులు జూన్ నుంచి మార్చిలోపు వస్తాయి, జీతాలు పన్నెండు నెలలు ఇవ్వాలి. వచ్చిన ప్రతి ఫీజులోంచి ఆరో వంతు వేరే ఖాతాలో వేస్తే ఎండాకాలం టీచర్లను ఇబ్బంది పెట్టాల్సిన పని ఉండదు.

క్లినిక్‌లలో యూపీఐ చెల్లింపులు డాక్టర్ ఫోన్‌కు కొన్ని, కాంపౌండర్ ఫోన్‌కు కొన్ని పోతుంటాయి. ఏప్రిల్ 1 నుంచి క్లినిక్ పేరున ఒకే ఖాతా, ఒకే క్యూఆర్ పెట్టండి. బయోమెడికల్ వ్యర్థాల వార్షిక నివేదికకు జూన్ 30 గడువు అని కూడా గోడ మీద రాసుకోండి. మందుల షాపులో గడువు తీరిన సరుకును వేరు చేసి క్రెడిట్ నోటు మార్చిలోపే అడగాలి. లేకపోతే అమ్ముడుపోని మందులు కూడా స్టాక్ విలువలో కూర్చుంటాయి.

సమస్య: అన్నీ చేసినా చివరి రోజు ఏదో ఒకటి తప్పిపోతోంది

31న ఇచ్చిన చెక్కు ఆ ఏడాదిలోనే క్లియర్ అవుతుందన్న నమ్మకం లేదు. ఏప్రిల్ 1న బ్యాంకులు లెక్కల ముగింపు కోసం ఖాతాదారులకు పనిచేయవు. అందుకే చెల్లింపులన్నీ 25 లోపు అయిపోవాలి. సప్లయర్ బిల్లు అప్‌లోడ్ చేయకపోతే మీ జీఎస్టీ క్రెడిట్ కనబడదు. ఏప్రిల్ 14న పోర్టల్‌లో వచ్చే 2బీ (సప్లయర్లు అప్‌లోడ్ చేసిన బిల్లుల పట్టిక) చూసి, లేని బిల్లుల జాబితా అదే రోజు వాళ్లకు పంపండి. ఆ ఏడాది క్రెడిట్ తీసుకోవడానికి నవంబర్ 30 దాకా అవకాశం ఉన్నా, అప్పటిదాకా ఆగితే ఫోన్ ఎత్తేవాళ్లుండరు. కాంపోజిషన్‌లోకి (అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే జీఎస్టీ పద్ధతి) మారాలనుకునే చిన్న వ్యాపారులు మార్చి 31లోపే పోర్టల్‌లో చెప్పాలి.

పీపీఎఫ్‌లో ఏడాదికి కనీసం 500, సుకన్య ఖాతాలో 250 వేయకపోతే ఖాతా ఆగిపోతుంది, ఇది మార్చి 31లోపు పని. కొత్త ఏడాదికి పీపీఎఫ్‌లో పెద్ద మొత్తం వేసేవాళ్లు మాత్రం ఏప్రిల్ 5లోపు వేస్తే ఆ నెల వడ్డీ కూడా కలుస్తుంది.