గెట్‌తో నా కుస్తీ ఎలా తీరిందంటే

ఇంగ్లీషులో "గెట్ అంటే పొందు" అని బళ్ళో నేర్చుకుని ఆఫీసుకొచ్చినవాణ్ణి. ఒకసారి కాల్‌లో మేనేజర్ ఏదో వివరించి "డిడ్ యూ గెట్ ఇట్?" అన్నారు. నేను ఇన్‌బాక్స్ వెతికి "నో సర్, నాట్ యెట్" అన్నాను. ఆయన అడిగింది అర్థమైందా అని! పాపం, మళ్ళీ మొదటినుంచీ చెప్పారు.

నిఘంటువు బట్టీ, ఫ్రేజల్ వెర్బ్స్ (గెట్ అప్ లాంటి జంట మాటలు) జాబితాలు, ఫోన్లో యాప్, ఏవీ పనిచేయలేదు.

చివరికి గెట్‌ని వదిలేసి దాని పక్క మాటను చూడటం మొదలుపెట్టాను. ముందు పది రోజులపాటు మెయిల్స్‌లో కనబడిన గెట్ వాక్యాలన్నీ నోట్‌బుక్‌లో రాసి, పక్క మాట కింద గీత గీశాను. వస్తువు ఉంటే రావడమో తెచ్చుకోవడమో: గెట్ ఎ లెటర్. గుణం ఉంటే మారడం: గెట్ టైర్డ్ అంటే అలసిపోవడం. చోటు ఉంటే చేరడం: గెట్ హోమ్. సగం గందరగోళం ఇక్కడే పోయింది.

ఆ తర్వాతే అప్, ఓవర్ లాంటి చిన్న మాటల జోలికి వెళ్ళాను. అక్కడ మన "పడు" ఆదుకుంది. చీకటి పడుతుంది, జీతం పడుతుంది, వాళ్ళిద్దరికీ పడదు. ఈ చివరిదే "దే డోంట్ గెట్ అలాంగ్". పడుకి అర్థాలు ఎవరైనా బట్టీ పట్టారా? అలాగే గెట్ ఓవర్ అంటే తేరుకోవడం, గెట్ అవే విత్ అంటే తప్పు చేసి తప్పించుకోవడం. వీటిని వాక్యంతో సహా రాసుకుని పైకి చదివాను.

టేక్ అనే ఇంకో మాటకి ఈ పద్ధతి నాకు సగమే పనికొచ్చింది. మీకెలా ఉంటుందో చెప్పలేను. "ఐ హావ్ గాట్ టు గో" (నేను వెళ్ళాలి) దగ్గర నేనింకా ఒక్క క్షణం ఆగుతాను.