సౌర జ్వాల వార్త చూశారు సరే, అరోరా వస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా?

"సూర్యుడిపై భారీ విస్ఫోటం, ఈ రాత్రి అరోరాలు" అని వార్త వస్తుంది, అరోరాలంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు. జనం చలిలో నిలబడి అర్ధరాత్రి దాకా ఆకాశం వంక చూస్తారు, ఏమీ కనిపించదు, తెల్లారేసరికి ఇదంతా ఉత్తిదే అనేస్తారు. ఉత్తిది కాదండీ, వార్తలో సగమే చెప్పారు. జ్వాల ఎంత పెద్దదన్న ఒక్క ముక్క పట్టుకుని అరోరా వస్తుందో రాదో చెప్పడం కుదరదు. ఆ తర్వాత ఇంకో మూడు నాలుగు సంగతులు చూడాలి, అవన్నీ ఫోన్‌లోనే ఉచితంగా చూసుకోవచ్చు.

ముందు రెండింటిని విడదీసుకోండి. సౌర జ్వాల అంటే వెలుగు. సూర్యుడి మచ్చల పైన మెలికలు పడి బిగుసుకుపోయిన అయస్కాంత క్షేత్రం ఉన్నట్టుండి తెగి కొత్తగా అతుక్కున్నప్పుడు ఎక్స్-రేలు, అతినీలలోహిత కిరణాలు ఎగజిమ్ముతాయి. వెలుగే కాబట్టి 8 నిమిషాల చిల్లరలో భూమికి చేరి, పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియోను కాసేపు మూగబోయేలా చేస్తుంది, దాని పని చాలావరకు అక్కడితో సరి. అరోరాను తెచ్చేది వేరే, దాని పేరు కరోనల్ మాస్ ఎజెక్షన్, అందరూ సీఎంఈ అంటారు. వందల కోట్ల టన్నుల ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు) తన అయస్కాంత క్షేత్రాన్ని కూడా వెంటబెట్టుకుని సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల నుంచి రెండు మూడు వేల కిలోమీటర్ల వేగంతో బయల్దేరుతుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 1859 సెప్టెంబర్ 1న ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త రిచర్డ్ క్యారింగ్టన్ జ్వాలను చూసినప్పుడు మాత్రం దాని వెనకాల వచ్చిన అయస్కాంత తుఫాను (భూమి అయస్కాంత క్షేత్రంలో లేచే అలజడి) 18 గంటలు కూడా తీసుకోలేదు.

పెద్ద జ్వాల వస్తే దాంతోపాటు సీఎంఈ కూడా రావడం తరచూ జరిగేదే, కానీ తప్పనిసరేం కాదు. వచ్చినా మన వైపే రావాలని లేదు. మెరుపు కనిపించినంత మాత్రాన వాన మన ఊళ్లోనే కురుస్తుందా, అలాగన్నమాట. 2014 అక్టోబర్‌లో 12192 నంబరు మచ్చల గుంపు కనిపించింది, 1990 తర్వాత అంత పెద్దది లేదు. ఆరు ఎక్స్ తరగతి జ్వాలలు వచ్చాయి దాని నుంచి, చెప్పుకోదగ్గ సీఎంఈ ఒక్కటీ రాలేదు.

ఇప్పుడు వార్త రాగానే చూడాల్సినవి.

జ్వాల తరగతి ముందు చూడండి, కానీ అక్కడే ఆగిపోవద్దు. ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అని ఐదు తరగతులు, ఒక్కో అక్షరానికీ పదింతలు పెరుగుతుంది, ఎక్స్2 అంటే ఎక్స్1కి రెట్టింపు. ఎం తరగతి మధ్య నుంచి పైకి ఉంటే పట్టించుకోవచ్చు. అంకె పెద్దదైతే అరోరా కూడా పెద్దదే అనుకోవడమే అందరూ పడే పొరపాటు. 2024 అక్టోబర్ 3న ఎక్స్9.0 వచ్చింది, ఆ ఏడాది దానికి మించినది లేదు. ఆరు రోజులకి, 9న వచ్చింది ఎక్స్1.8 మాత్రమే, అయితే దాని తాలూకు సీఎంఈ 10న భూమిని తాకి జీ4 స్థాయి తుఫాను (జీ1 నుంచి జీ5 దాకా కొలుస్తారు) తెచ్చింది, ఎక్స్9.0 తెచ్చినదానికన్నా చాలా పెద్దది.

తర్వాత జ్వాల సూర్యబింబంలో ఎక్కడ వచ్చిందో చూడండి. నాసా ఎస్‌డీఓ ఉపగ్రహం ఫొటోలు రోజంతా వస్తూనే ఉంటాయి (సూర్యుడిని నేరుగా కళ్లతో చూసే పని పెట్టుకోకండి, ఫొటోలు చాలు). ఆ ఫొటోల్లో మచ్చలు ఎడమ నుంచి కుడికి జరుగుతుంటాయి. నడిమధ్యలోనో, కాస్త కుడివైపుగానో జ్వాల వస్తే మనకి గురి పెట్టినట్టే, ఏ అంచునో వస్తే దాదాపు పక్కకి పోయినట్టే. దీనికి 2003 కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. అక్టోబర్ 28న 486 నంబరు మచ్చ బింబం మధ్యకు దగ్గర్లో ఉండగా ఎక్స్17 జ్వాల వచ్చింది, 19 గంటల్లో సీఎంఈ భూమిని ఢీకొట్టి జీ5 తుఫాను లేపింది. వారం తిరిగేసరికి, నవంబర్ 4న, అదే మచ్చ నుంచి సెన్సర్లే నిండిపోయేంత జ్వాల వచ్చింది, ఎక్స్28 అని లెక్కగట్టారు. అప్పటికి మచ్చ పడమటి అంచుకు వెళ్లిపోవడంతో సీఎంఈలో చాలా భాగం పక్కకే పోయింది.

అసలు సీఎంఈ బయల్దేరిందా లేదా అన్నది కరోనాగ్రాఫ్ చెబుతుంది. సోహో వ్యోమనౌకలోని లాస్కో కెమెరా సూర్యబింబాన్ని ఒక చక్రంతో మూసేసి చుట్టూ ఉన్న కరోనాను, అంటే సూర్యుడి బయటి వాతావరణాన్ని చూపిస్తుంది. ఒక పక్కకి మాత్రమే తెల్లటి బుడగలా ఎగిరితే అది మనది కాదు. చక్రం చుట్టూ నిండు వలయంలా అన్నివైపులకీ విచ్చుకుంటే, మన వైపు వస్తోందన్నమాట, లేదా సరిగ్గా మనకి ఎదురు దిక్కులో పోతోందన్నమాట. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అందుకే అదే సమయంలో ఈ పక్క బింబం మీద జ్వాల ఉందో లేదో సరిచూసుకోవాలి. జ్వాల వచ్చిన గంటలోపే ఏమీ తేలదు, కొన్ని గంటలు ఓపిక పట్టండి. ఈలోగా అమెరికా సంస్థ నోవా వాళ్ల స్పేస్ వెదర్ ప్రిడిక్షన్ సెంటర్ ఎప్పుడు తాకుతుందో అంచనా వేసి పెడుతుంది. అది పది పన్నెండు గంటలు అటూఇటూ కావడం మామూలే, కాబట్టి చెప్పిన రాత్రితో పాటు దాని ముందు రాత్రి, తర్వాతి రాత్రి కూడా ఖాళీగా పెట్టుకోండి.

అసలు పరీక్ష బీజెడ్ దగ్గరే

ఇక్కడిదాకా అన్నీ కలిసొచ్చినా అరోరా రాకపోవచ్చు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందు ఎల్1 అనే చోట కాపలా నౌకలున్నాయి, సీఎంఈ ముందు వాటిని దాటాలి. ఏస్ లాంటివి అక్కడ సోలార్ విండ్ (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల ప్రవాహం) కొలతలు తీస్తాయి, మన ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి నుంచి అక్కడే ఉంది. నోవా వాళ్ల సైట్‌లో సోలార్ విండ్ అన్న పేజీ తెరిస్తే నాలుగైదు గీతలు కదులుతుంటాయి. మామూలు రోజున వేగం సెకనుకు 400 కిలోమీటర్ల దగ్గర, బీటీ అనే మొత్తం అయస్కాంత బలం 5 నానోటెస్లాల దగ్గర నింపాదిగా ఉంటాయి. సీఎంఈ తాకిన క్షణం తెలియకుండా పోదు: వేగం, సాంద్రత, బీటీ మూడూ ఒకే నిలువు గీత మీద మెట్టులా పైకి లేస్తాయి. అది చూసి సంబరపడి బయల్దేరకండి. బీజెడ్ చూడండి, ఆ అయస్కాంత క్షేత్రం ఉత్తరం వైపుందో దక్షిణం వైపుందో చెప్పే గీత అది.

భూమి అయస్కాంత క్షేత్రం మన ముందువైపు ఉత్తరం దిక్కుగా ఉంటుంది. వచ్చే ప్లాస్మాలోని క్షేత్రం దక్షిణం దిక్కుగా ఉంటే, అంటే బీజెడ్ మైనస్‌లో ఉంటే, రెండూ ముడిపడిపోయి సోలార్ విండ్ శక్తి లోపలికి చొరబడుతుంది. ప్లస్‌లో ఉంటే తలుపు దాదాపు మూసుకుపోయినట్టే, ఎంత వేగంగా వచ్చినా చాలావరకు పక్కల నుంచి జారిపోతుంది. దీన్ని రెండు మూడు రోజుల ముందే నమ్మకంగా చెప్పగలిగే పద్ధతి ఇంకా లేదు, అందుకే కచ్చితమైన కబురు చివరి గంటలోనే దొరుకుతుంది. వేగం 400 అయితే ఎల్1 నుంచి భూమికి గంట, 800 అయితే అరగంట. బీజెడ్ మైనస్ 10 నానోటెస్లాల దగ్గర గంటకి పైగా నిలబడితే బయటికి నడవండి, మైనస్ 20 దాటితే పరుగెత్తండి. మొదటి కొన్ని గంటలు గీత పైకీ కిందకీ పిచ్చిగా ఊగుతుంది, అది సీఎంఈ ముందు నెట్టుకొచ్చిన రొద. దాని వెనక అసలు మేఘం వచ్చాక గీత నునుపుగా, నెమ్మదిగా తిరుగుతుంది. అది దక్షిణం వైపు తిరిగితే గంటల తరబడి అలాగే ఉండిపోతుంది, మంచి అరోరాలు చాలావరకు అప్పుడే వస్తాయి. మొదటి రెండు గంటలు ప్లస్‌లో ఉందని విసుగొచ్చి పడుకునేవాళ్లు పోగొట్టుకునేది దీన్నే.

కేపీ సంగతి కూడా చెప్పుకోవాలి, భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అల్లాడుతోందో చెప్పే, 0 నుంచి 9 దాకా ఉండే సూచిక అది. కేపీ 5 అంటే జీ1, 9 అంటే జీ5. లెక్క మూడు గంటలకోసారి కాబట్టి ఆలస్యంగా చెబుతుంది, నేనైతే బయల్దేరడానికి బీజెడ్‌నే నమ్ముతాను. మీరున్న చోటికి ఎంత తుఫాను కావాలో అంచనా వేసుకోడానికి మాత్రం కేపీ బాగా పనికొస్తుంది: నడినెత్తిన చూడాలంటే కేపీ 3కి అయస్కాంత అక్షాంశం సుమారు 60 డిగ్రీలు, 5కి 56, 7కి 52, 9కి 48. గమనించండి, ఇది అయస్కాంత ధ్రువాన్ని బట్టి లెక్కించే అయస్కాంత అక్షాంశం, మ్యాప్‌లో ఉండే అక్షాంశం కాదు. అయస్కాంత ధ్రువం కెనడా వైపు ఒరిగి ఉండడం వల్ల ఉత్తర అమెరికావాళ్లకి ఇందులో కొన్ని డిగ్రీలు కలిసొస్తాయి.

నెత్తిమీద లేకపోయినా దూరం నుంచి కనిపిస్తుంది, ఎలాగంటే రంగుల వల్ల. సూర్యుడి నుంచి వచ్చిన కణాలే నేరుగా మన గాలిలో పడి వెలుగుతాయని చాలామంది రాస్తుంటారు, నిజానికి ఎక్కువ పని భూమి వెనకాల తోకలా సాగిన అయస్కాంత క్షేత్రంలో జరుగుతుంది, అక్కడ పోగైన శక్తి తెగి ఎలక్ట్రాన్లను ధ్రువాల వైపు విసురుతుంది. అవి ఆక్సిజన్‌ను తాకితే 100 కిలోమీటర్లకి కాస్త పైన ఆకుపచ్చ వస్తుంది. 200 దాటాక ఎరుపు. ఎరుపు కాంతిని వదలడానికి ఆక్సిజన్ పరమాణువుకు దాదాపు రెండు నిమిషాలు కావాలి, ఈలోపు ఇంకేదైనా గుద్దుకుంటే ఆ శక్తి పోయినట్టే, అందుకే గాలి బాగా పలచబడ్డ ఎత్తులోనే ఎరుపు బతుకుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆ ఎరుపు 2,200 కిలోమీటర్ల దూరం నుంచి కూడా దిగంతం దగ్గర కనిపించగలదు. 2024 మే 10, 11 తేదీల జీ5 తుఫానులో మెక్సికోలోనూ, లద్దాఖ్‌లోని హాన్లే కెమెరాల్లోనూ ఎరుపే కనబడడానికి కారణం ఇదే. కాబట్టి ధ్రువానికి దూరంగా ఉంటే నడినెత్తిన వెతక్కండి, ధ్రువం వైపు దిగంతం చూడండి, ఆ దిక్కున కొండలూ లైట్లూ లేని చోటు ఎంచుకోండి.

బయటికెళ్లాక 20, 30 నిమిషాలు ఫోన్ తెర వైపు చూడకండి, కళ్లు చీకటికి అలవాటుపడాలి. మసక అరోరా కంటికి బూడిదరంగు మబ్బులా ఉంటుంది, అదేనా కాదా అని అనుమానముంటే ఫోన్‌ను కదలకుండా స్టాండ్ మీద పెట్టి నైట్ మోడ్‌లో ఒక ఫొటో తీయండి, రంగు బయటపడుతుంది. కెమెరా ఉంటే మాన్యువల్‌లో ఐఎస్‌ఓ 1600 నుంచి 3200, ఎఫ్2.8, 5 నుంచి 15 సెకన్లతో మొదలుపెట్టి, ఫోకస్ ఏదైనా నక్షత్రం మీద చేత్తో సరిచేసుకోండి. వెలుగు చకచకా కదులుతుంటే సెకన్లు తగ్గించండి. ఒక పావుగంట ఉధృతంగా ఆడి చప్పున ఆరిపోతే అయిపోయిందని ఇంటికి పోవద్దు, బీజెడ్ ఇంకా మైనస్‌లో ఉంటే గంటో రెండు గంటలో ఆగి మళ్లీ లేస్తుంది.

జ్వాలే లేని అరోరాలు కూడా ఉన్నాయి. సూర్యుడి ఫొటోల్లో నల్లటి పెద్ద ఖాళీలా కనిపించే కరోనల్ హోల్ నుంచి వేగమైన గాలి వస్తుంది, ముఖ్యంగా మార్చి, సెప్టెంబర్ నెలల చుట్టూ అది బాగా పనిచేస్తుంది. భూమి నుంచి చూస్తే సూర్యుడు దాదాపు 27 రోజులకోసారి తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి, అలాంటి రాత్రి ఒకటి దొరికితే ఆ తేదీకి 27 కలిపి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.