గిట్ ఆదేశాల ఆప్షన్లకు వివరణ రాయడం ఎలా

గిట్ అంటే ఫైళ్లలో జరిగే మార్పుల చరిత్రను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్; ఆప్షన్ అంటే దాని ఆదేశం పనితీరును మార్చేందుకు పక్కన చేర్చే మాట. ఒక ఆప్షన్‌కు వివరణ రాయబోయే ముందు, ప్రయోగం కోసం చిన్న రిపాజిటరీ (గిట్ చరిత్రను దాచే ఫోల్డర్) తయారు చేసుకుని, ఆ ఆప్షన్‌తో ఒకసారి, అది లేకుండా ఒకసారి ఆదేశాన్ని నడిపి, తేడాను కళ్లారా చూడాలి.

మార్పులను చరిత్రలో నమోదు చేసే కమిట్ ఆదేశానికి ఉన్న ‘-ఎ’ ఆప్షన్‌నే తీసుకుందాం. ‘అన్ని ఫైళ్లనూ కమిట్ చేస్తుంది’ అని రాస్తే చదివేవారు పొరబడతారు; ఎందుకంటే గిట్ అప్పటికే ట్రాక్ చేస్తున్న ఫైళ్లలో మారినవాటినీ, తొలగించినవాటినీ మాత్రమే అది కలుపుకుంటుంది, యాడ్ ఆదేశంతో చేర్చని కొత్త ఫైలు జోలికి పోదు. ఆప్షన్ ఏమి చేయదో చెప్పే ఇలాంటి వాక్యమే, నా దృష్టిలో, వివరణ మొత్తంలోకీ విలువైనది.

గిట్ మాన్యువల్ పేజీలను ఆస్కీడాక్ (సాదా అక్షరాల మధ్యే గుర్తులు పెట్టి పేజీ రూపాన్ని సూచించే) పద్ధతిలో రాస్తారు. ముందు ‘-ఎ’, దాని కింది వరుసలో అదే ఆప్షన్ పూర్తి రూపమైన ‘--ఆల్’, ఒక్కోదాని చివర రెండు కోలన్లు, ఆ తర్వాత వివరణ వస్తాయి. వాడేవారు నింపవలసిన విలువను కోణపు బ్రాకెట్లలోనూ, వదిలేయదగిన భాగాన్ని చదరపు బ్రాకెట్లలోనూ ఉంచాలి.

వెనకటి స్థితికి తీసుకెళ్లే రీసెట్ ఆదేశపు ‘--హార్డ్’ వంటి ఆప్షన్లకు మాత్రం, ట్రాక్ అవుతున్న ఫైళ్లలో కమిట్ చేయని మార్పులు పోతాయన్న హెచ్చరిక మొదటి వాక్యంలోనే రావాలి; పేరా చివర్లో చెబితే, అక్కడిదాకా చదవకుండానే ఆదేశం నడిపినవారి శ్రమ అప్పటికే తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది.