పాత మిద్దె ఇల్లు పడగొట్టే ముందు ఏం చూడాలి, ఎట్లా బాగుచేసి వాడుకోవాలి

చంద్రగిరి, కార్వేటినగరం, పలమనేరు, పుంగనూరు పక్క ఇంకా కొన్ని పాత ఇళ్ళు మిగిలున్నాయి, ముందర తిన్నె, తలవాకిలి దాటితే పడసాల, మధ్యలో ఆకాశం కనపడే తొట్టి, వెనక దొడ్డి, పైన దూలాల మీద గచ్చు మిద్దె. ఇట్లాంటి ఇల్లు చేతిలో ఉండి ఏం చేయాలో తెలీనివాళ్ళు, ఆర్కిటెక్చర్ చదువుతా థీసిస్‌కి టాపిక్ వెతుక్కునే పిల్లలు, ఇద్దరికీ పని ఒకటే కాబట్టి ఇద్దరికీ కలిపే రాస్తున్నా. రీసెర్చి అంటే యూనివర్సిటీలో కూర్చోని చేసేది అనుకోవద్దు, టేపు పట్టుకోని నట్టిల్లు కొలవడం దగ్గరే అది మొదలవుతుంది.

ఫస్ట్ చెప్పాల్సింది, కాంట్రాక్టర్‌ని ముందు పిలవద్దు. ఆయనొచ్చి గోడ తట్టి "సార్ ఇది వేస్టు, పిల్లర్లు లేపేద్దాం" అంటాడు, ఆయన తప్పు కాదు ఆయనకి వచ్చింది అదే. ఇంకోటి, ఇంటికి వాటాదారులు ఎంతమందో చూసుకోండి, అన్నదమ్ములు, అత్తలు, బెంగుళూర్లో ఉండే చిన్నాన్న పిల్లలు అందరి సంతకం లేకుండా మీరు డబ్బు పెడితే తర్వాత తలనొప్పి. మన పక్క పాత ఇళ్ళు వానకి పడినవాటికంటే వాటాల పంచాయితీ తెగక తాళమేసి వదిలేసి పడినవే ఎక్కువ అని నా అభిప్రాయం.

ఇంక కొలతలు. ఇద్దరు కావాలి, ఒకరు టేపు చదివితే ఇంకొకరు రాసుకుంటా పైకి తిరిగి చెప్పాలి. ముందు చేత్తో ప్లాన్ స్కెచ్ వేసుకోండి, అందంగా రావక్కర్లేదు, తలుపులు కిటికీలు గూళ్ళు ఏవీ మిస్సవకుండా ఉంటే చాలు. గోడ కొలిచేటప్పుడు ముక్కలు ముక్కలుగా తీసుకోవద్దు, మూలలో సున్నా పెట్టి టేపు అట్లే లాగి పట్టుకోని కిటికీ మొదలు ఇంత, కిటికీ చివర ఇంత, తలుపు మొదలు ఇంత అని వరసగా చదవండి, ముక్కలుగా తీస్తే ప్రతి ముక్కలో చిన్న తేడా చేరి చేరి చివరికి డ్రాయింగ్‌లో గోడ జానెడు పొడుగైపోతుంది. ప్రతి రూముకీ నాలుగు గోడలతో పాటు మూల నుంచి ఎదురు మూలకి రెండు కర్ణాలు కూడా కొలవాలి, ఎందుకంటే పాత ఇంట్లో ఏ రూమూ పక్కా మూలమట్టానికి ఉండదు, కర్ణాలు లేకపోతే రాత్రి కూర్చోని డ్రాయింగ్ వేసేటప్పుడు గోడలు కలవవు. గోడ మందం ద్వారబంధం దగ్గర దొరుకుతుంది. తొట్టిలోంచి వాననీళ్ళు ఏ పక్క వాలి పోతున్నాయో తెలియాలంటే మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు లెవల్ చాలు, లేజర్ కొనక్కర్లేదు. గోడ వంగిందా లేదా అనేదానికి తూకం గుండు వేలాడదీసి పైన, మధ్యలో, కింద గోడకీ తాడుకీ దూరం రాసుకోండి.

ఫోటోలు కూడా ప్లాన్‌తోనే తీయాలి, తలుపు చెక్కడం బాగుందని దాన్నే పది తీస్తే ఉపయోగం లేదు. ప్రతి గోడనీ ఎదురుగా నిలబడి, ఒక ఫోటోలో కనపడిన దాంట్లో సగం పైగా పక్క ఫోటోలో కూడా వచ్చేట్టు జరుపుకుంటా తీయండి, అట్లా తీస్తే తర్వాత ఎవరైనా కంప్యూటర్లో త్రీడీ మోడల్ చేయాలన్నా పనికొస్తాయి. స్కేలు కోసం ఒక అడుగు బద్ద ఫ్రేములో పెట్టండి.

ఇల్లు ఎన్నేళ్ళది అనేది అందరూ అడిగే ప్రశ్న, అందరూ చెప్పే జవాబు "నూటాభై ఏళ్ళు ఉంటుంది". దీన్ని కొంచెం పట్టి చూడొచ్చు. కొన్ని ఇళ్ళలో తలవాకిలి పైకమ్మీ మీద తెలుగు సంవత్సరం పేరు చెక్కి ఉంటుంది, అది అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి "క్రోధి" అని ఉంటే 1904 కావచ్చు 1964 కావచ్చు, ఏదో తేల్చడానికి వేరే సాక్ష్యం కావాలి. వంటింటి మీద మంగుళూరు పెంకులు ఉంటే ఒకటి దించి వెనక్కి తిప్పండి, కంపెనీ పేరు అచ్చు ఉంటుంది. ఆ రకం పెంకుల ఫ్యాక్టరీ మంగుళూర్లో మొదలైంది 1865లో, కాబట్టి ఆ కప్పు అంతకంటే పాతది అయ్యే ఛాన్స్ లేదు. ఇనప దూలం మీద టాటా ముద్ర ఉంటే అది 1912 తర్వాతదే, జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ అప్పుడు మొదలైంది. అయితే పెంకులు, దూలాలు మధ్యలో ఎప్పుడో మార్చి ఉండొచ్చు, కప్పు వయసే ఇంటి వయసు అని రాసేయొద్దు, ఇంట్లో ఏ భాగం ఏ కాలానిది అని రంగులతో ప్లాన్ మీద గుర్తు పెట్టుకోండి. థీసిస్ రాసేవాళ్ళకి ఈ ఒక్క డ్రాయింగే సగం చాప్టర్.

కాగితాల్లో ఇంట్లో పెట్టెలో ఉండే పాత దస్తావేజులు బంగారం, వాటిలో చెక్కుబందీ, అంటే నాలుగు పక్కల హద్దులు, చదివితే తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ వీధి, ఎక్కడ బావి అనేది తెలుస్తుంది, ఊరు అప్పుడెట్లా ఉండేదో కూడా కొంత తెలుస్తుంది. పాత రికార్డులు వెతికేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న, అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లా కింద, మదనపల్లె, వాయల్పాడు కడప కింద ఉండేవి. కాబట్టి చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి పోయి చిత్తూరు జిల్లా అని అడిగితే దొరకనిది ఉత్తర ఆర్కాటు అని అడిగితే దొరకొచ్చు.

పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు "అవ్వా ఈ ఇల్లు ఎప్పుడు కట్టినారు" అని అడిగితే ఆమె ఏం చెప్తుంది పాపం. "అవ్వా నువ్వు కాపురానికొచ్చినప్పుడు వంటిల్లు యాడుండె, ప్రసవాలు ఏ గదిలో అయ్యేవి, వడ్లు యాడ పోసేవాళ్ళు, వానొస్తే ఎవరు మిద్దెక్కి చూసేవాళ్ళు" అని అడగండి, అప్పుడు ఇల్లంతా చేత్తో చూపిస్తా చెప్తుంది. ఫోన్లో రికార్డ్ చేసేముందు అడిగి చేయండి.

ఇంక అసలు విషయం, నీళ్ళు. పాత ఇంటికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం నీళ్ళ వల్లే, కాబట్టి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలుసుకోకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టొద్దు. మనకి పెద్దవానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఆ టైంలో ఇంట్లో ఉండి చూడండి, 2021 నవంబర్‌లో తిరుపతిలో పడినట్టు పడితే ఇల్లు తన జబ్బులన్నీ తనే చెప్పేస్తుంది. తేమ మచ్చ కింద నేల నుంచి రెండు మూడడుగులు పైకెక్కి ఆగితే భూమిలోంచి వస్తున్నట్టు, కప్పు కింద ఉంటే మిద్దె ఉరుస్తున్నట్టు, గోడ మధ్యలో ఒకే చోట ఏడాదంతా ఉంటే పైపు అనుమానించాలి.

ఈ కింద తేమ దగ్గరే మనోళ్ళు చేసే పెద్ద పొరపాటు ఉంది. గోడ పొడి రాలుతోంది కదా అని నాలుగడుగుల ఎత్తు సిమెంటు పూస్తారు. మట్టిగోడ, సున్నంతో కట్టిన ఇటుక గోడ తేమని పీల్చి మళ్ళీ గాలికి వదిలేస్తుంటాయి, మీద సిమెంటు పడితే ఆ తేమకి బయటికి దారి లేదు, గోడ లోపల ఇంకా పైకెక్కుతుంది, నీళ్ళతో వచ్చిన ఉప్పు సిమెంటు వెనక గడ్డకట్టి ఇటుకని పొడి చేస్తుంది. రెండు మూడేళ్ళకి సిమెంటు పెచ్చు ఊడొస్తుంది, ఊడేటప్పుడు పాత ఇటుక చెక్కని కూడా లాక్కొస్తుంది. ముందు చేయాల్సింది ఇంటి చుట్టూ వేసిన సిమెంటు రోడ్డు వల్ల గడప కిందకి పోయిందేమో చూసి, గోడ పక్కన నీళ్ళు నిలవకుండా కాలువ తీయడం, తర్వాత ఆ సిమెంటుని నిదానంగా ఉలితో తీసి గోడని ఎండనివ్వడం. ఎండటానికి నెలలు పడుతుంది, తొందరపడొద్దు.

బీటల విషయానికొస్తే ప్రతి బీటా ప్రమాదం కాదు, కదిలే బీటే ప్రమాదం. బీటకి అడ్డంగా సన్నటి గాజు ముక్క రెండు చివర్లా అతికించి తేదీ రాయండి, గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు, అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీర్ లేకుండా ముందుకి పోవద్దు. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం 2010 మే 26న కూలిపోయింది కదా, దానికీ ముందే బీటలు కనపడినాయి, జనాన్ని దూరం పెట్టడం వల్ల ప్రాణాలు దక్కాయి.

సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టం కానీ దొరుకుతాడు, పాత గుళ్ళ రిపేర్లు జరిగే చోట అడగండి. మీ ఇంటి పాత సున్నంలో ఏం కలిపారో తెలుసుకోవాలంటే చిన్న టెస్టు ఉంది, గోడ లోపలి నుంచి కొంచెం ముక్క తీసి పొడి చేసి, ఎండబెట్టి తూచి, గాజు గ్లాసులో పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తే సున్నం నురగ పోయి కరిగిపోతుంది, ఇసక మిగులుతుంది. దాన్ని కడిగి ఆరబెట్టి తూచితే ఎంత పాలు ఇసకో లెక్క వస్తుంది, అడుగున ఎర్రటి పొడి ఉంటే ఇటుక పొడి కలిపినట్టు. గ్లవుజులు, కళ్ళద్దాలు పెట్టుకోని ఆరుబయట చేయండి.

కొత్త సున్నానికి కాల్చిన సున్నపు రాళ్ళని గుంటలో నీళ్ళు పోసి చల్లార్చాలి, అది కుతకుతా ఉడికి ఎగురుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది కాబట్టి పిల్లల్ని అటు రానీయొద్దు. జల్లెడ పట్టి, కనీసం రెండు వారాలు నీళ్ళ కిందే నానబెట్టాలి, ఎంత నానితే అంత మంచిది. మామూలుగా ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసక, కానీ పైన చెప్పిన టెస్టులో మీ గోడ ఏం చెప్తే అదే ఫాలో అవ్వండి. కరక్కాయ దంచి బెల్లం నీళ్ళలో కొన్ని రోజులు ఊరబెట్టి ఆ నీళ్ళతో కలపడం మన పక్క పాత పద్ధతి, చిత్తూరు జిల్లాలో బెల్లానికి కరువు లేదు కాబట్టి అది సులభమే. పూత సన్నగా పొరలు పొరలుగా వేయాలి, వేసేముందు గోడ తడపాలి, వేసినాక తడి గోనెపట్టాలు కప్పాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకోని మళ్ళీ రాయిగా మారుతుంది, అది నిదానంగా జరిగే పని, ఏప్రిల్ మే ఎండల్లో చేస్తే మారకముందే ఎండి పొడైపోతుంది. అందుకే జనవరి నుంచి మార్చి మధ్య చేసుకోండి. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింట్ వేస్తే చేసిందంతా వేస్ట్, సున్నపు వెల్లే వేయండి.

మిద్దెకి దూలాల చివర్లు చూడాలి, గోడలోకి పోయే చోట ముందు కుళ్ళుతాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, దిగబడితే పోయినట్టు. అయినా దూలమంతా మార్చక్కర్లేదు, పోయిన చివర కోసి మంచి టేకు అతుకు వేయొచ్చు. చెక్కడాలు ఉన్న తలుపులు, స్తంభాలు పాడై ఉంటే తిరుపతిలో టీటీడీ నడిపే సాంప్రదాయ శిల్ప కళాశాలలో రాయి, చెక్క పని నేర్పుతారు, అక్కడ అడిగితే పని తెలిసినవాళ్ళ దారి దొరుకుతుంది. అసలు చెక్క దూలమే లేకుండా రాయి, ఇటుక, సున్నంతో అంతస్తులు ఎట్లా నిలబడతాయో చూడాలంటే చంద్రగిరి కోటలో రాజమహల్ లోపలికి పోయి తల పైకెత్తండి, ఫోటోలు దిగి వచ్చేసేవాళ్ళే ఎక్కువ అక్కడ.

ఇప్పటి అవసరానికి మార్చుకోవడంలో ఒక్క రూల్ చాలు. పాత కట్టడాల్ని ఎట్లా కాపాడుకోవాలో ఆస్ట్రేలియావాళ్ళు 1979లో రాసుకున్న నియమాలు, బుర్రా చార్టర్ అంటారు, అందులో ఉంటుంది, కావాల్సినంత చేయండి కానీ వీలైనంత తక్కువ చేయండి అని. బాత్రూములు నట్టింటి పక్క గదిలో దూర్చొద్దు, దొడ్డిలో విడిగా కట్టి నడవ కలపండి. కరెంటు వైర్లకి గోడ గాడి కొట్టకుండా పైనే పైపుల్లో తీసుకుపోండి, కనపడితే కనపడనీ. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, దాన్ని పాత మిద్దె మీద పెట్టనే పెట్టొద్దు, దొడ్లో స్టాండు వేయండి. తొట్టి మీద షీటు కప్పాలని అందరికీ అనిపిస్తుంది కోతులు, దుమ్ము అని, కప్పినా చుట్టూ అడుగు ఎత్తు జాలీ వదలండి, వేడి గాలి అక్కణ్ణుంచే పైకి పోతుంది, మూసేస్తే ఏసీ పెట్టాల్సొస్తుంది. యాత్రికులకి హోమ్‌స్టే చేయాలనుకునేవాళ్ళు పడసాలని ప్లైవుడ్‌తో నాలుగు గదులు చేస్తున్నారు, కనీసం ఆ పార్టిషన్ రేపు విప్పేస్తే నేలకీ గోడకీ దెబ్బ తగలకుండా నిలబెట్టండి.

మీ ఇల్లు చంద్రగిరి కోట, గుడిమల్లం గుడి లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి దగ్గర్లో ఉంటే పురాతన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం వంద మీటర్ల లోపల కొత్త కట్టుబడికి వీల్లేదు, రిపేర్లకి కూడా పర్మిషన్ కావాలి, ఆ తర్వాత ఇంకో రెండొందల మీటర్ల దాకా ఏం కట్టాలన్నా పర్మిషన్ తీసుకోవాలి. పని మొదలుపెట్టాక నోటీసు వస్తే జరిమానానే కాదు జైలు కూడా ఉంది, కాబట్టి ముందే దూరం కొలిపించుకోండి.

డ్రాయింగులు, ఫోటోలు, అవ్వ మాటల రికార్డింగ్ వాటాదారులందరికీ తలా ఒక కాపీ పంపేయండి, ఇల్లు నిలిచినా పడినా అవి ఉంటాయి. పని అయిపోయినాక ఏటా సెప్టెంబర్లో ఒకసారి మిద్దెక్కి నీళ్ళు పోయే తూములు శుభ్రం చేసి, పిట్టగోడ సందుల్లో రావి మొక్క మొలిచిందేమో చూడండి, రెండాకులున్నప్పుడే వేరుతో సహా పీకాలి, పైన తుంచితే వేరు లోపల ఇంకా లావవుతుంది.